పాప మడికి వేసిన బలం

ఎరువు చల్లడం కూడా ఒక పనేనా అని అడిగేవాళ్ళుంటారు. బస్తా విప్పి, గుప్పిట నింపుకుని, విసిరితే సరిపోదా అనుకుంటారు. అలా అనుకున్నవాళ్ళ పొలం ఒకసారి చూడాలి. ఒకచోట గుబురుగా ఎగదన్ని ఉంటుంది, పక్కనే పాలిపోయి ఉంటుంది, గొరిగీ గొరగని తలలాగా. పిన్ని చల్లిన పొలం అలా ఉండదు. ఆవిడ గుడ్డజోలె భుజాన తగిలించుకుని, గట్టు దిగి, బురదలో ఒకే తీరున నడుస్తుంది. అడుగు పడినప్పుడల్లా చెయ్యి ఒకసారి తిరుగుతుంది. ఎక్కడా ఎక్కువ పడదు, ఎక్కడా తక్కువ పడదు. మంచి డాక్టర్ల గురించి అన్నట్టే ఆవిడ గురించి కూడా హస్తవాసి గొప్పదనేవారు. అనగా అనగా అదే పేరైపోయి హస్తవాసి పిన్ని అయింది. అసలు పేరు ఆవిడకి సంతకం పెట్టేటప్పుడు తప్ప గుర్తు రాదు.

తిండి విషయంలో పిన్ని మహా పట్టింపు మనిషి. ఇంటికొచ్చినవాళ్ళు ఇప్పుడే తిని వచ్చామంటే ఆవిడకి ఆ మాట వినిపించదు. సగం తిని కంచం ముందు నుంచి లేచినవాళ్ళని జన్మలో మర్చిపోదు. మనుషులకే కాదు, మొక్కలకీ అదే లెక్క. ఎరువు అనే మాట ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు, బలం అంటుంది. నత్రజని అయితే ఆకు బలం, భాస్వరం అయితే వేరు బలం. ఆవిడొక్కతే కాదు, ఆ చుట్టుపక్కల పొలాలవాళ్ళంతా అలాగే అంటారు. చల్లేది బలం అయినప్పుడు అది ఎవరికైనా కీడు చేస్తుందని ఎవరికి తడుతుంది చెప్పండి.

ఇల్లు సందు చివర. ముందు గదిలో కొడుకు నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. అక్కడ గ్రీజు వాసన తప్ప ఇంకో వాసన ఉండదు. కోడలు బస్సు స్టాండులో టికెట్ల కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. రోజంతా అద్దం వెనక నుంచి జనంతో వాదించి వచ్చే పిల్ల కాబట్టి మాటకి మాట ఇవ్వడంలో అందెవేసిన చెయ్యి. అత్తాకోడళ్ళు రోజూ పోట్లాడుకుంటారు, రోజూ ఒకే కంచంలో తింటారు. వాళ్ళిద్దరి మధ్య బొద్దు ఉంది. బొద్దు అంటే మనవరాలు. ఆ పేరు కూడా పిన్ని పెట్టిందే, పిల్ల ఇంకా బక్కగా ఉన్నప్పుడే, ఎప్పటికైనా బొద్దుగా కాకపోతుందా అని.

ఆ ఏడు నాట్లకి ముందు మట్టి డాక్టరమ్మ వచ్చింది. పరీక్షల కేంద్రంలో మట్టీ నీళ్ళూ పరీక్ష చేసే చిన్న వయసు అమ్మాయి ఆవిడ. గబగబా మాట్లాడుతుంది. బురదలో చెప్పులు ఇరుక్కుంటే చేత్తో పట్టుకుని అలాగే తిరుగుతుంది. లోతు బోర్ల నీళ్ళతో పాటు ఏళ్ళ తరబడి పైకొచ్చిన ఆర్సెనిక్ మట్టిలో పేరుకుపోయిందనీ, మిగతా పంటలకన్నా వరి దాన్ని ఎక్కువగా గింజలోకి లాక్కుంటుందనీ చెప్పింది. ఆర్సెనిక్ అంటే ఏమిటని ఎవరో అడిగారు. పాషాణం అంది. తిన్నవెంటనే పడిపోయే రకం కాదనీ, ఒంట్లో చేరి నెమ్మదిగా పాడుచేస్తుందనీ, పూటపూటా బియ్యపు జావే తాగే పసిపిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలనీ చెప్పుకుపోయింది.

పిన్నికి గుండెల్లో రాయి పడింది. పాలు మరిపించి బొద్దుకి జావ మొదలుపెట్టే రోజు ఎంతో దూరం లేదు. ఏం చేయాలో చెప్పమని డాక్టరమ్మని పొలం నుంచి ఇంటిదాకా వెంబడించింది. పొలమంతా ఒక్క ఏడాదిలో మార్చలేమని, పిల్ల కోసం ఒక చిన్న మడి వేరుగా కట్టుకోమని ఆవిడ సలహా ఇచ్చింది. ఆ మడిలో ఊక బూడిద వేయాలి, నీళ్ళు ఎప్పుడూ నిలవ ఉంచకుండా మధ్యమధ్య ఆరబెట్టాలి, భాస్వరం మాత్రం గింజంత కూడా పడకూడదు. ఎందుకో కూడా చెప్పింది కానీ, స్కూటర్ స్టార్ట్ చేస్తూ చెప్పింది. పిన్ని తల ఊపింది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల ఊపడం, తన ఆలోచన తను ఆలోచించుకోవడం ఆవిడకి మొదటినుంచీ ఉన్న అలవాటే.

బూడిద వేసింది. నీళ్ళు ఆరబెట్టింది. ఆ రెండూ చెప్పినట్టే చేసింది, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ నాటిన కొన్నాళ్ళకి పాప మడి ఎదుగూ బొదుగూ లేకుండా నిలబడిపోయింది. ఆకులు నల్లబారాయి, పిలకలు రాలేదు. పక్కనే వాళ్ళ పెద్ద పొలం కళకళలాడుతోంది. ఆవిడకి ప్రాణం ఉసూరుమంది. ఊరందరి పొలాలకీ బలం పంచే మనిషి సొంత మనవరాలి మడిని పస్తు పెట్టడమా? పైగా ఆ మడి పోరాడాల్సింది పాషాణంతో. జబ్బు చేసినవాళ్ళకి ముందు ఒంట్లో బలం ఉండాలి కదా, నీరసించిన ఒంటికే కదా రోగం తిరగబెడుతుంది అని తనకి తానే నచ్చజెప్పుకుంది. డాక్టరమ్మ బాగా చదువుకున్న పిల్లే. చదువుకున్నదే కానీ ఎవరికైనా అన్నం పెట్టి పెంచిందా ఏమన్నానా?

ఒకరోజు అందరూ భోజనాలకి పోయిన వేళ చూసి జోలె తగిలించుకుని మడిలోకి దిగింది. ఒక్క గుప్పెడే అనుకుని మొదలుపెట్టింది. తర్వాత ఇంకో గుప్పెడు వేసింది. చివరికి పెద్ద పొలానికి వేసినదానికన్నా ఎక్కువే పడింది. మనవరాలి మడి అయ్యె, చెయ్యి ఎలా ఆగుతుంది?

మడి తేరుకుంది. పిలకలు వేసింది, పొట్టకొచ్చింది, కంకి బరువుకి ఒరిగింది. కోతనాడు డాక్టరమ్మ వచ్చి భాస్వరం లేకుండానే ఇంత బాగా వచ్చిందా అని ఆశ్చర్యపోయింది. పిన్ని వినయంగా నవ్వి ఊరుకుంది. డాక్టరమ్మ గింజలు పొట్లాలు కట్టుకుని పరీక్షకి పట్టుకుపోయింది. పాప మడి బియ్యం మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి కోడలు విడిగా పెట్టింది. బొద్దు జావ మొదలైంది. సందులోని దర్జీ భార్య కూడా చంటిపిల్ల తల్లే. పాషాణం మాట విన్నప్పటినుంచి ఆవిడకి నిద్ర లేదు. పాప మడి బియ్యం కాసిని ఇవ్వమని మొహమాటపడుతూ అడిగింది. పిన్ని కాసిని ఇవ్వడం ఏమిటి, క్యాను నింపి ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయింది.

తర్వాతి పంటకి ఎరువులు తీసుకునే ముందు రైతులందరినీ గోదాములో కూర్చోబెట్టి డాక్టరమ్మ మాట్లాడింది. పిన్ని వెనకాల బస్తా మీద కూర్చుంది. ఈసారి స్కూటర్ లేదు కాబట్టి డాక్టరమ్మ తీరిగ్గానే చెప్పింది.

"బస్సులో సీటు అనుకోండి. మట్టిలో ఉండే ఇనుమే ఆ సీటు. పాషాణం దాని మీద కూర్చుని ఉంటుంది, కదలదు. భాస్వరానికి కూడా సరిగ్గా ఆ సీటే కావాలి, రెండూ అక్కచెల్లెళ్ళలాంటివి. మీరు బస్తా తెచ్చి పోస్తే అది పాషాణాన్ని లేపేసి తను కూర్చుంటుంది. లేచింది ఎక్కడికి పోతుంది? నీళ్ళలోకి. అక్కడ వేరు దాహంతో ఉంటుంది."

పిన్ని కూర్చున్న బస్తా భాస్వరానిదే. ఎవరో లేచి, అయితే ఏ నేలలోనైనా ఇంతేనా అని అడిగారు. అన్ని నేలలూ ఒక్కలా ఉండవని, కొన్నిచోట్ల భాస్వరం వేరు గుమ్మం దగ్గర పాషాణానికి అడ్డం పడుతుంది కూడా అని, మన నేల ఏ రకమో గింజలే చెప్పాలని, అందుకే భాస్వరం పడని పిన్నిగారి పాప మడి మీద ఆశ పెట్టుకున్నానని ఆవిడ అంది. అందరూ వెనక్కి తిరిగి పిన్నిని మెచ్చుకోలుగా చూశారు. పిన్ని మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల చూసింది.

ఇంటికి వస్తున్నంతసేపూ ఆవిడ "అడ్డం పడుతుంది కూడా" అన్న ఆ ఒక్క ముక్కనే పట్టుకుని నడిచింది. తమ నేల ఆ రకమే అయి ఉండొచ్చు. అప్పుడు తను చేసింది మేలే అవుతుంది. అలా అనుకోగానే కాస్త ఊపిరి ఆడేది. అంతలోనే పాషాణం లేచి నీళ్ళలోకి దిగడం కళ్ళ ముందు కదిలేది.

ఆ రోజునుంచి ఇంట్లో పిన్ని పడిన పాట్లు చెప్పుకుంటే నవ్వొస్తుంది, ఆవిడకి మాత్రం ఏడుపొచ్చింది. కొత్త బియ్యం పసిదానికి అరగవంది. మొన్నటిదాకా ఎలా అరిగాయని కోడలు అడిగింది. డబ్బాలో పురుగు పడిందంది. కోడలు డబ్బా తెచ్చి చాటలో పోసి, ఒక్క పురుగు చూపించమంది. పగలు కోడలు పనికి పోయాక పిన్ని బంగాళాదుంప ఉడికించి మెదిపి, అరటిపండు నలిపి బొద్దుకి పెట్టేది. గిన్నెలో మిగిలిన జావ పారబొయ్యడానికి చేతులు రావు, జన్మలో ఎప్పుడూ తిండి పారబొయ్యలేదు. అందుకని ఆ జావ తనే తాగేది. తాగి, తనకేమైనా అవుతోందేమోనని గోడకానుకుని కూర్చునేది. కోడలు ఇంట్లో ఉండే పొద్దుటిపూట, సాయంత్రంపూట మాత్రం ఏమీ చేయలేకపోయేది. తల్లి ఒళ్ళో పిల్ల చప్పరిస్తూ తాగుతుంటే ఈవిడ వంటగదిలో గిన్నెలు గట్టిగా తోమేది.

కోడలు కనిపెట్టకుండా ఎలా ఉంటుంది? అత్తగారి పెదవి మీద జావ మరక చూసి మొగుడికి చెప్పింది, మీ అమ్మ పసిపిల్ల జావ తాగేస్తోందని. వాడు ముందు పగలబడి నవ్వాడు. తర్వాత తల్లిని విడిగా పిలిచి, ఆకలేస్తే అడగొచ్చు కదమ్మా అన్నాడు. ఆకలంటే ఏమిటో ఇంటికొచ్చిన ఎవరికీ తెలియనివ్వని మనిషి ఆ మాట పడింది. పడి కూడా నోరు విప్పలేదు. ఫలితం వచ్చేదాకా ఆగుదాం, ఈలోగా అనవసరంగా అందరినీ బెదరగొట్టడం ఎందుకు అనుకుంది. ఇది పిరికితనం. దానికి పిన్ని ఓర్పు అని పేరు పెట్టుకుంది, బలం అన్నట్టే.

ఇంతలో దర్జీ భార్య సందులో ఎదురైంది. చంకలో పిల్ల. క్యానులో బియ్యం ఇంకా సగం ఉన్నాయని, అయ్యాక మళ్ళీ ఇవ్వాలని ముందే చెప్పిపెట్టింది. పిన్ని, ఆ బియ్యమే పెడుతున్నావా అని అడిగింది. రెండు పూటలా అవే, బుగ్గలు చూడండి ఎలా వచ్చాయో అని పిల్ల మొహం ఇటు తిప్పి చూపించింది దర్జీ భార్య. పిన్ని ఆ బుగ్గలు చూసింది. చెప్పేద్దామని నోరు తెరిచింది. బాగున్నాయమ్మా అని, ఎండగా ఉంది లోపలికి పో అని, గబగబా ఇంటికొచ్చేసింది. ఆ పూట ఏమీ తినలేదు. ఎవరూ అడగలేదు కూడా, తిన్నదేమో అనుకున్నారు.

మూడోనాడు డాక్టరమ్మ వచ్చింది. ఎప్పటిలా గబగబా మాట్లాడలేదు. మోటార్ల గదిలోనే ఒక డబ్బా మీద కూర్చుంది. కొడుకు చేతులు తుడుచుకున్నాడు. కోడలికి ఆ రోజు సెలవు, బొద్దుని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది.

పెద్ద పొలం గింజల్లోకన్నా పాప మడి గింజల్లోనే పాషాణం ఎక్కువ ఉందని డాక్టరమ్మ చెప్పింది. తనకి అంతుపట్టలేదని, మళ్ళీ పరీక్ష చేయించినా అదే వచ్చిందని అంది. భాస్వరం పడకుండానే ఇంత ఉందంటే, భాస్వరం మానడం వల్ల ఈ నేలలో లాభం లేదన్నమాట. తను చెప్పిన సలహా తప్పు. రేపు గోదాములో అందరి ముందూ ఒప్పుకుని, ఎప్పటిలా భాస్వరం వేసుకోమని చెప్పేస్తానంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బొద్దు వైపు చూడలేక రెంచీల వైపు చూస్తోంది.

పిన్ని గోడవారన కూర్చుని అంతా వింటోంది. ఇంతకాలం ఆవిడ భయపడింది ఒక్క డబ్బా బియ్యం గురించి, ఒక క్యాను గురించి. ఇప్పుడు తను నోరు మూసుకుంటే రేపటినుంచి అందరి పొలాల్లోనూ ఆ పాషాణం సీట్లోంచి లేస్తుంది. ఆ జోలెలు మోసేది కూడా తనే.

"తప్పు మీది కాదమ్మా. ఆ మడికి నేను బలం వేశాను."

"ఏ బలం?"

"వేరు బలం. భాస్వరమే. పెద్ద పొలానికి వేసినదానికన్నా ఎక్కువ వేశాను. మడి చిక్కిపోతోందని వేశాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. ఎప్పుడు వేశారు, ఎంత వేశారు అని నెమ్మదిగా అడిగి తెలుసుకుంది. రోజూ వందమందితో గొంతు చించుకునే కోడలు మాత్రం మెల్లగా, తడబడుతూ మాట్లాడింది.

"అందుకేనా అత్తయ్యా జావ వద్దన్నారు? ఆ ఒక్క ముక్క చెప్తే అయిపోయేది కదా. ఇన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం నా చేత్తో నేనే పోశాను దీనికి."

డాక్టరమ్మ కల్పించుకుంది. ఈ బియ్యం ఈ క్షణమే ఆపేయమంది. తిన్నది కొద్దికాలమే కాబట్టి, ఆపేస్తే ఒంట్లోది చాలావరకు మూత్రంలో పోతుందని, పిల్లకి మూత్రపరీక్ష చేయిద్దామని, రకరకాల తిండి పెట్టమని చెప్పింది. భయం లేదంటారా అని కొడుకు అడిగాడు. భయపడాల్సినంత లేదనే అనుకుంటున్నాను, కానీ ఏమీ లేదని మాట ఇవ్వలేను అంది. ఆ జవాబు పిన్నికి తిట్టుకన్నా గట్టిగా తగిలింది. అప్పుడు డాక్టరమ్మ, ఈ బియ్యం బయట ఎవరికైనా ఇచ్చారా అని అడిగింది.

కోడలు చటుక్కున అత్తగారి వైపు చూసింది. నేను చెప్పి వస్తాను, మీరు ఉండండి అంది. పిన్ని వద్దని లేచింది. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి సందులోకి నడిచింది.

దర్జీ ఇంటి తలుపు తీసే ఉంది. ముందు గదిలో మిషను ఆగి ఉంది, దర్జీ లేడు. భార్య నేల మీద గుడ్డ ముక్కల మధ్య కూర్చుని పిల్ల మూతి తుడుస్తోంది. పక్కన ఖాళీ గిన్నె. పిన్నిని చూసి నవ్వి కూర్చోమని పీట జరిపింది. పిన్ని కూర్చోలేదు. ఆ బియ్యం ఇక పెట్టొద్దమ్మా, క్యాను ఇచ్చెయ్ అంది.

దర్జీ భార్య వేరేలా అర్థం చేసుకుంది. మీ పాపకి తక్కువ పడ్డాయా, అడగడానికి అంత మొహమాటం ఎందుకు పిన్నీ, ఇచ్చినప్పుడే అనుకున్నాను ఇంత ఇస్తే మీకు సరిపోతాయా అని, ఉండండి తెస్తాను అంటూ లేవబోయింది. అదే అదను చేసుకుని పిన్ని క్యాను పట్టుకుని వెళ్ళిపోవచ్చు. బియ్యమూ ఆగుతాయి, పరువూ మిగులుతుంది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, గుమ్మంలో ఆవిడ పక్కనే నిలబడింది.

కానీ క్యాను తీసుకుపోతే ఈ పిల్లని పరీక్షకి ఎవరు తీసుకెళ్తారు?

"నాకు కావాలని కాదమ్మా. ఆ గింజల్లో పాషాణం ఉంది, పెద్ద పొలంలోకన్నా ఎక్కువ ఉంది. మడికి నేను భాస్వరం వేశాను, దానివల్ల వచ్చింది. మీ పిల్లని కూడా పరీక్షకి తీసుకెళ్ళాలి. డాక్టరమ్మ మా ఇంట్లోనే ఉంది, వెంటనే రా."

దర్జీ భార్య మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. చేతిలో గుడ్డ అలాగే ఉంది. పిల్లని నేల మీంచి ఎత్తుకుని గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడు తెలిసింది పిన్నీ?"

ఇవాళ అంటే సరిపోయేది. ఫలితం వచ్చింది ఇవాళే, ఎవరిని అడిగినా అదే చెప్తారు.

"ఇవాళ నిక్కచ్చిగా తెలిసింది. అనుమానం ముందునుంచే ఉంది."

"మొన్న సందులో బుగ్గలు చూసినప్పుడు?"

"అప్పటికే ఉంది" అంది పిన్ని.